ఊరి నుంచి యూనిట్‌కు, యూనిట్ నుంచి ఊరికి: టెరిటోరియల్ ఆర్మీలో ఎంబాడీ అయ్యేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు చేసుకోవాల్సిన పనులు

మొన్న హన్మకొండ జేఎన్‌ఎస్ స్టేడియం గేటు దగ్గర ఛాయ్ తాగుతుంటే పొద్దున రన్నింగ్‌కు వచ్చిన ఒక పిల్లగాడు అడిగాడు, "అన్నా, టీఏలో చేరితే పర్మనెంట్ ఆర్మీ అయిపోతామా?" అని. నేను నోరు తెరిచేలోపే వాడి దోస్తు "ఏం కాదురా, అది ఎన్‌సీసీ లాంటిది, క్యాంపుకు పోయి రావడమే" అన్నాడు. ఇద్దరిదీ తప్పే. కానీ ఆ రెండు తప్పుల మధ్యే టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) ఉంది కాబట్టి, వాళ్లకు అక్కడ నిలబడి చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నా.

నేను జవాన్‌గా చేరి మూడుసార్లు ఎంబాడీ అయ్యి, అంటే పిలిస్తే డ్యూటీకి పోయి, మూడుసార్లు ఇంటికొచ్చిన మనిషిని. మధ్యలో ఇక్కడే ఒక ప్రైవేట్ కంపెనీలో ఎలక్ట్రీషియన్ నౌకరి, ఊర్లో రెండెకరాల పత్తి. పరుగు, రైఫిల్, డ్రిల్లు ఇవన్నీ ఉస్తాదులు మెడ మీద కూర్చుని నేర్పిస్తారు, వాటి గురించి టెన్షన్ పడకండి. ఎవరూ నేర్పనిది ఒక్కటే, కాగితం మీద తారీఖు. ఏ రోజు నుంచి మీరు సైనికుడు, ఏ రోజు నుంచి మళ్లీ మామూలు మనిషి అన్నది రాతపూర్వకంగా ఎక్కడెక్కడ నమోదైంది, అన్నిచోట్లా ఒకటే తారీఖు ఉందా లేదా అన్నది చూసుకోవాలి. జీతం, పాత నౌకరి, రేపటి పెన్షన్ అన్నీ దాని మీదే నడుస్తాయి. నాకొచ్చిన ప్రతి తలనొప్పీ అక్కడే మొదలైంది.

ముందు మీరు ఏ గడపలో ఉన్నారో తెలుసుకోండి

"రిజర్వు" అనే మాటను మన దగ్గర అన్నిటికీ వాడేస్తారు. రెండు వేర్వేరు సంగతులున్నాయి.

ఒకటి, రెగ్యులర్ ఆర్మీలో పూర్తికాలం చేసి పెన్షన్ మీద ఇంటికొచ్చినవాళ్లు. వీళ్లకు రిజర్వు బాధ్యత అనేది 1888 నాటి రిజర్వు ఫోర్సెస్ చట్టం కింద వస్తుంది. జవాన్లకు సాధారణంగా కలర్ సర్వీసు (యూనిఫాంలో చేసే అసలు సర్వీసు) అయ్యాక ఇంకో రెండేళ్లు ఉంటుంది. మీ డిశ్చార్జ్ బుక్కు తీసి చూడండి, అందులో రాసి ఉంటుంది. ఈ రెండేళ్లలో మీరు చేయాల్సింది పెద్దగా ఏం లేదు గానీ ఇల్లు మారితే, ఫోన్ నంబర్ మారితే రికార్డ్ ఆఫీసుకు తెలియజేయాలి. అద్దె ఇళ్లు మారుతూ హన్మకొండలో ఉంటూ, రికార్డులో మాత్రం నాయిన కాలం నాటి ఊరి అడ్రసు ఉన్నవాళ్లు నాకు తెలిసి బోలెడు మంది ఉన్నారు.

రెండోది టెరిటోరియల్ ఆర్మీ, అంటే టీఏ. 1948 చట్టంతో వచ్చింది, 1949 అక్టోబర్ 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించారు. సొంత పనో నౌకరో ఉన్న మనిషి, అవసరమైనప్పుడు యూనిఫాం వేసుకోవడం దీని మూల ఆలోచన. అందుకే చేరేటప్పుడు "మీకు బతుకుదెరువు ఉందా?" అని అడుగుతారు. ఆర్మీలో అడిగేదానికి ఇది పూర్తిగా తిరగబడ్డ ప్రశ్న, ఖాళీగా ఉన్నామని చెబితే పనికిరాదు.

టీఏ మనిషిని సైనిక సేవకు పిలిచే దారులు చట్టంలోనే ఉన్నాయి. శాంతిభద్రతలకు సాయంగా గానీ ముఖ్యమైన చోట్ల కాపలాకు గానీ పిలవడం, శిక్షణకో రెగ్యులర్ ఆర్మీకి తోడుగానో ఎంబాడీ చేయడం, లేదా ఆర్మీ యూనిట్‌కు జత చేయడం. మీరు రోజూ వినే మాట మాత్రం "ఎంబాడీ". ఎంబాడీ అయితే డ్యూటీ మీద ఉన్నట్టు, డిస్‌ఎంబాడీ అయితే ఇంటికొచ్చినట్టు. ఎంబాడీ అయిన నిమిషం నుంచి 1950 ఆర్మీ చట్టం మీకు వర్తిస్తుంది. "నేను పార్ట్‌టైమ్ కదా సార్" అనే మాట అక్కడ చెల్లదు.

ఇదేదో పుస్తకంలో ఉండి పడుకున్న చట్టం కాదు. 2025 మే 6న రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చి, టీఏ నియమం 33 కింద ఆఫీసర్లనూ జవాన్లనూ పిలిచే అధికారం సైన్యాధిపతికి అప్పగించింది. మొత్తం 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లకు ఎంబాడీ ఉత్తర్వు, 2028 ఫిబ్రవరి 9 వరకు. ఆ వారం మా ఇంట్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు, మా అవ్వ మాత్రం ముందుగా వచ్చి నా ట్రంకు పెట్టె మీద ఉన్న వడ్ల సంచి కిందికి దింపింది.

చేరే దారి, జర తొందరగా

దీని మీద యూట్యూబ్ నిండా వీడియోలున్నాయి కాబట్టి ఎక్కువ రాయను.

ఆఫీసర్‌గా పోవాలంటే డిగ్రీ ఉండాలి, వయసు 18 నుంచి 42, ఏదో ఒక సంపాదన ఉండాలి, ఆడవాళ్లూ మగవాళ్లూ అర్హులే. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు), మెడికల్. ఖాళీలు చాలా తక్కువ, 2025లో దేశం మొత్తానికి 19, అందులో ఆడవాళ్లకు ఒక్కటి. లెఫ్టినెంట్‌గా కమిషన్ ఇస్తారు. మొదటి ఏడాది నెల రోజుల ప్రాథమిక శిక్షణ, ఆపై ఏటా రెండు నెలలు, మొదటి రెండేళ్లలోపు డెహ్రాడూన్ ఐఎంఏలో (ఇండియన్ మిలిటరీ అకాడమీ) మూడు నెలలు. సచిన్ పైలట్ ఈ దారిలోనే 2012లో లెఫ్టినెంట్ అయ్యారు. ధోనీది వేరే సంగతి, 2011లో గౌరవ హోదా ఇచ్చారు, ఆయన్ను చూపించి "మనం కూడా అట్లనే" అనుకోవద్దు.

జవాన్‌గా అయితే ర్యాలీ. 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్ (కడ్డీ పట్టుకుని పైకి లేవడం), తొమ్మిది అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్. భద్రకాళి బండ్ మీద చల్లగాలికి ఉరికేది వేరు, ర్యాలీలో మూడొందల మంది మోచేతుల మధ్య ఉరికేది వేరు, మొదటి రెండొందల మీటర్లు ఆవేశపడితే చివరి రౌండ్లో కాళ్లు రాయిలా అవుతాయి. మెడికల్‌కు ముందు చెవులు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర శుభ్రం చేయించుకోండి, పళ్లు చూపించుకోండి. నవ్వులాటగా ఉంటుంది గానీ చెవిలో గుమిలి ఉందని ఆగిపోయినవాళ్లను నా కళ్లతో చూశా.

పోలీసులు, పారామిలిటరీ వాళ్లు, ఇప్పటికే సర్వీసులో ఉన్న సైనికులు టీఏకు అర్హులు కారు. మన దగ్గర కానిస్టేబుల్ తమ్ముళ్లు చాలామంది అడుగుతుంటారు, అందుకే చెబుతున్నా.

నౌకరి చేసేచోట మొదటి కాగితం

ప్రభుత్వ నౌకరి అయినా, సింగరేణి లాంటి ప్రభుత్వరంగ సంస్థ అయినా, ఎన్‌ఓసీ (మాకు అభ్యంతరం లేదనే లెటర్) లేకుండా ముందుకు పోవద్దు. సెలెక్ట్ అయ్యాక తెచ్చుకుందాంలే అనుకుంటే ఆ ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో తెలుసుకునేసరికే పుణ్యకాలం గడిచిపోతుంది. సొంత షాపు, వ్యవసాయం, వ్యాపారం అయితే నాన్‌జ్యుడీషియల్ స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ అడుగుతారు, ఏం పని చేస్తారు, ఏడాదికి ఎంత వస్తుంది అని. అందులో రాసిన సంపాదనకూ మీ పాన్ నంబర్ మీద ఇన్‌కంటాక్స్‌కు చూపిన లెక్కకూ పొంతన ఉండేలా చూసుకోండి.

ప్రైవేట్‌లో చేసేవాళ్లు ఎన్‌ఓసీలో మూడు మాటలు రాయించుకోవాలి. ఏటా శిక్షణకు పంపుతామని, ఎంబాడీ అయితే పంపుతామని, తిరిగొచ్చాక పనిలోకి తీసుకుంటామని. మేనేజరు "అరే పో, దేశం కోసం పోతున్నవ్, మేం కాదంటమా" అని భుజం తడతాడు. ఆ భుజం తట్టిన మేనేజరు రెండేళ్ల తర్వాత అక్కడ ఉండడు. లెటర్‌హెడ్, సంతకం, స్టాంపు, తారీఖు ఉండాలి, వాట్సాప్‌లో పెట్టిన బొటనవేలు గుర్తు చాలదు.

చట్టం మీవైపు ఉంది, ఇది తెలిసి మాట్లాడండి. 1948 చట్టంలోని సెక్షన్ 7ఏ ప్రకారం సైనిక సేవకు వెళ్లొచ్చిన ఉద్యోగిని యజమాని తిరిగి తీసుకోవాలి, మధ్యలో పోకుండా ఉండి ఉంటే ఎలాంటి షరతుల మీద ఉండేవాడో వాటికి తక్కువ కాకుండా. 7బీ ప్రకారం ప్రావిడెంట్ ఫండ్ లాంటి హక్కులు నిలబడాలి. ఈ రెండు సెక్షన్ల ప్రింటు ఒకటి ఎన్‌ఓసీ దరఖాస్తుకు జత చేసి ఇవ్వండి. బెదిరించినట్టు కాదు, హెచ్‌ఆర్ వాళ్లకు నిజంగానే తెలియదు.

పిలుపు లెటర్ వచ్చిన రోజు

ముందు నిదానంగా కూర్చుని రెండుసార్లు చదవండి. శిక్షణకు పిలిచారా, ఎంబాడీకి పిలిచారా? ఎక్కడికి, ఏ తారీఖు, ఎన్ని గంటలకు? ఎంత కాలానికి? శిక్షణ అయితే నౌకరి దగ్గర నెలా రెండు నెలల సెలవు సంగతి మాత్రమే, ఎంబాడీ అయితే ఇల్లు మొత్తం సర్దాల్సిన సంగతి. మా వాడొకడు శిక్షణ అనుకుని రెండు జతల బట్టలతో పోయి పదకొండు నెలలకు వచ్చాడు.

ఆ లెటర్ మూడు జిరాక్సులు తీసి, ఒకటి నౌకరి దగ్గర ఇచ్చి రెండోదాని మీద "అందింది" అని సంతకం, తారీఖు వేయించుకోండి. మూడోది ఇంట్లో ఉండాలి. ఒరిజినల్ మీతో వస్తుంది.

ప్రయాణం లెక్క వెనక నుంచి వేసుకోండి. కాజీపేట నుంచి ఢిల్లీకి పోయే బండ్లున్నాయి, వరంగల్ మీదుగా అండమాన్ ఎక్స్‌ప్రెస్ జమ్మూ వైపు పోతుంది, కానీ పండగ సీజన్‌లో బెర్తు దొరకదు. సికింద్రాబాద్ స్టేషన్లో ఎంసీఓ (ఆర్మీ వాళ్ల ప్రయాణాలు చూసే ఆఫీసు) ఉంది, రైల్వే వారంటు (టికెట్ కోసం ఆర్మీ ఇచ్చే కాగితం), రిజర్వేషన్ సంగతి అక్కడ అడగొచ్చు. ఒక రోజు ముందు చేరేలా బయల్దేరండి. బండి ఆలస్యమైందనే కారణం మొదటి రోజే చెప్పాల్సి వస్తే మీ పేరు ఆ కంపెనీలో చాలా రోజులు గుర్తుండిపోతుంది, మంచి రకంగా కాదు.

బయల్దేరే ముందు పదిహేను రోజులు

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తా.

ఫోన్‌తో మొదలుపెట్టండి. మీ సిమ్ ప్రీపెయిడ్ అయితే జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ నడవవు. పోస్ట్‌పెయిడ్ నడుస్తుంది. మొదటిసారి ఇది తెలియక నేను పోయిన వారానికి మా ఆవిడ బంగారం లోను రెన్యువల్‌కు పోతే ఓటీపీ నా నంబర్‌కు వస్తుందన్నారు, నా నంబరేమో జమ్మూ కశ్మీర్ హద్దు దాటాక చచ్చిపోయి ఉంది. ఒక్క ఓటీపీ కోసం నేను యూనిట్‌లో ఎవరెవరి కాళ్లు పట్టుకున్నానో రాస్తే అదో పెద్ద కథ. కాబట్టి పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి, లేదా ఇంటి వ్యవహారాల ఓటీపీలన్నీ ఇంట్లో ఉండే నంబర్‌కు వచ్చేలా బ్యాంకులో మార్పించండి. రెండూ చేస్తే ఇంకా మంచిది.

తర్వాత బ్యాంకు. ఇంటి ఖాతా ఇద్దరి పేరు మీద, ఎవరైనా ఒకరు తీసుకోగలిగేలా ఉండాలి. ఈఎంఐ ఏ తారీఖున కట్ అవుతుందో, ఎల్‌ఐసీ ఎప్పుడు కట్టాలో, పంట రుణం ఏ నెలలో రెన్యువల్ చేయాలో ఒక నోటుబుక్కులో తెలుగులో రాసి ఇంట్లో పెట్టండి. మొదటి నెల, ఒక్కోసారి రెండో నెల కూడా యూనిట్ జీతం పడదు, పే అకౌంట్ తెరుచుకోవడానికి టైం పడుతుంది. అటు కంపెనీ జీతం ఆగిపోయి ఉంటుంది. ఆ రెండు నెలలకు సరిపడా పైసలు పక్కన పెట్టకుండా బయల్దేరితే ఈఎంఐ బౌన్స్ అయ్యి సిబిల్ స్కోరు పడిపోతుంది.

పొలం ఉన్నవాళ్లు కౌలుకిస్తే కాగితం రాసుకోండి, అన్నదమ్ముల మధ్యనైనా సరే. రేషన్ కార్డు ఈ-కేవైసీ లాంటి వేలిముద్ర పనులు ఏమున్నా పోయేముందే అయిపోవాలి, మీ వేలు అక్కడ పూంచ్‌లో ఉంటే ఇక్కడ మీ పేరు పక్కన గడి ఖాళీగానే ఉంటుంది.

ఇప్పుడు అసలైనది, పేర్లు. మన తెలంగాణ పిల్లల టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది. భార్య ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు, పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో ముద్దుపేరు. ఇవన్నీ తీసుకెళ్లి యూనిట్ క్లర్కు ముందు పెడితే, ఎక్కడో పంజాబ్ నుంచో బిహార్ నుంచో వచ్చిన ఆ మనిషికి ఏది పేరో ఏది ఇంటిపేరో అర్థం కాక ఒకదాన్ని రాసేస్తాడు. రేపు నామినీ దగ్గర, ఫ్యామిలీ పెన్షన్ దగ్గర, స్పర్శ్ అనే ఆర్మీ పెన్షన్ పోర్టల్‌లో ఆ ఒక్క అక్షరమే అడ్డుపడుతుంది. టెన్త్ మెమోలో ఎలా ఉందో అలాగే ఆధార్, పాన్, బ్యాంకు మార్పించుకోండి. భార్య పేరు కూడా ఒకటే రకంగా ఉండాలి. ఇది మీసేవ చుట్టూ రెండు మూడు వారాలు తిరిగే పని, పిలుపు లెటర్ వచ్చాక మొదలుపెడితే కాదు.

పెట్టెలో ఏం పెట్టాలంటారా, బట్టలు అక్కడిస్తారు. సర్టిఫికెట్ల జిరాక్సులు మూడు సెట్లు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఇరవై, భార్యతో కలిసి దిగిన ఫొటో, బ్యాంకు పాస్‌బుక్, క్యాన్సిల్ చేసిన చెక్కు, తాళం, మా అవ్వ పెట్టిన సకినాలు. సకినాలు మొదటి రాత్రే అయిపోతాయి, పర్వాలేదు, బ్యారక్‌లో దోస్తులు వాటితోనే దొరుకుతారు.

రిపోర్ట్ చేసిన రోజు, క్లర్కు టేబుల్ ముందు

మెడికల్ చేస్తారు, షేప్-1 (పూర్తి ఫిట్ అనే మెడికల్ కేటగిరీ) ఉండాలి. కిట్ ఇస్తారు. ఫారాలు నింపిస్తారు, నామినీ, ఇన్సూరెన్స్, పే. ఆ తర్వాత మీ ఎంబాడీ తారీఖు పార్ట్-2 ఆర్డర్‌లో ఎక్కుతుంది. ఈ పార్ట్-2 ఆర్డర్ అనేది ఆర్మీలో మీ జాతకం లాంటిది. చేరిన తారీఖు, పెళ్లి, పిల్లలు, సెలవు, ప్రమోషన్ ఏదైనా అందులో ఎక్కితేనే జరిగినట్టు, ఎక్కకపోతే జరగనట్టే. దాన్ని చూసే పే ఆఫీసు జీతం వేస్తుంది.

రెండోసారి ఎంబాడీ అయినప్పుడు నేను రిపోర్ట్ చేసింది 3వ తారీఖు. సంతకం పెట్టమని క్లర్కు కాగితం జరిపాడు. వెనకాల నలభై మంది లైను, అందరికీ మెస్ టైం. పెన్ను పెట్టబోతూ చూస్తే 8 అని ఉంది. "సాబ్, తారీఖ్ గలత్ హై" అన్నా. ఆయన కళ్లజోడు పైకి నెట్టి మూవ్‌మెంట్ ఆర్డర్ తీసి చూసి, గేటు రిజిస్టర్ తెప్పించి మళ్లీ చూసి, "అచ్ఛా కియా, పఢ్ లియా" అని దిద్ది సంతకం పెట్టాడు. నాతోపాటు అదే రోజు వచ్చిన ఇంకో ఆరుగురికీ అదే తప్పు. ఐదు రోజుల జీతం పెద్ద విషయం కాదు. అయితే నా కంపెనీ నన్ను రిలీవ్ చేసింది 1వ తారీఖు సాయంత్రం. ప్రయాణానికి ఒక రోజు పోను మిగిలిన ఐదు రోజులు నేను ఎక్కడున్నట్టు? కంపెనీ లెక్కలో గైర్హాజరు, ఆర్మీ లెక్కలో ఇంకా చేరనివాడు.

అందుకే రెండు తారీఖులు ఒకదానికొకటి అతుక్కోవాలి, రిలీవ్ అయింది, రిపోర్ట్ చేసింది. మధ్యలో ఉన్నది ప్రయాణమే అని టికెట్ చూపించగలగాలి. టికెట్ ఫొటో తీసి పెట్టుకోండి.

ఎంబాడీ అయినన్ని రోజులూ జీతభత్యాలు రెగ్యులర్ జవాన్‌కు ఉన్నట్టే. సిపాయికి మూలవేతనం 21,700 నుంచి, దానిమీద మిలిటరీ సర్వీస్ పే 5,200, డీఏ అదనం. ఆఫీసర్‌కు లెఫ్టినెంట్ మూలవేతనం 56,100, మిలిటరీ సర్వీస్ పే 15,500. డిస్‌ఎంబాడీ అయితే ఆ రోజుతో బంద్. నెలనెలా పేస్లిప్ ఫోన్లో సేవ్ చేసుకోండి, పేపర్ అయితే దాచండి.

డ్యూటీలో దెబ్బ తగిలితే, చీలమండ బెణికినా సరే, ఎంఐ రూంలో (యూనిట్ దవాఖానలో) చూపించుకుని రికార్డు చేయించండి. మన పిల్లలు మొండివాళ్లు, "గింత దానికి ఏం జూపిస్తం" అని జండూబామ్ రాసుకుని పడుకుంటారు. పదేళ్ల తర్వాత మోకాలు పట్టేస్తే అది సర్వీసులో తగిలిన దెబ్బ అని చెప్పడానికి ఆ రోజు రాసిన ఒక్క లైను తప్ప ఇంకేం ఉండదు.

డిస్‌ఎంబాడీ అయ్యేటప్పుడు

ఇల్లు గుర్తొచ్చి అందరికీ తొందర. సరిగ్గా అప్పుడే తప్పులు జరుగుతాయి.

నా మూడోసారి సంగతి చెప్తా. డిస్‌ఎంబాడీ తారీఖు 30. నాకు మిగిలిన సెలవు ఉంటే చివర్లో వాడుకుని 24న బయల్దేరి 26న ఊరొచ్చా, 27న మా అక్క బిడ్డ పెళ్లి ఉండె. పెళ్లిలో మా కంపెనీ సూపర్‌వైజరు కనిపించాడు, నవ్వుతూ పలకరించాడు, భోజనం కూడా పక్కపక్కనే చేశాం. వచ్చే నెల 2న జాయినింగ్ రిపోర్టు ఇస్తే హెచ్‌ఆర్ పిల్ల కాగితం చూసి "సార్, మీరు 30 వరకు ఆర్మీలో ఉన్నట్టు రాసుంది, మరి 27న మీరు పెళ్లిలో ఉన్నారట కదా" అంది. సర్టిఫికెట్ దొంగదని ముఖం మీద అనలేదు గానీ ఆ చూపు అదే. సెలవు కాగితం యూనిట్‌లోనే వదిలేసి వచ్చా. దాని కాపీ తెప్పించి, సెక్షన్ 7ఏ మళ్లీ చూపించి, పనిలోకి పోయేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల జీతం నాకు ఇప్పటికీ రాలేదు.

కాబట్టి గేటు దాటకముందు ఇవి చేతిలో ఉండాలి. ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకు ఎంబాడీ అయ్యారో చెప్పే సర్టిఫికెట్, రౌండ్ స్టాంపుతో. డిస్‌ఎంబాడీ పార్ట్-2 ఆర్డర్ కాపీ. సెలవు సర్టిఫికెట్, చివర్లో సెలవు ఉంటే తప్పకుండా. చివరి జీతం కాగితం. మెడికల్ కాగితాలు, షేప్ కేటగిరీ ఏం రాశారో చదివి. కిట్ అప్పజెప్పిన క్లియరెన్స్, ఐడీ కార్డు అప్పజెప్పమంటే దాని రసీదు. క్లర్కు "పోస్టులో పంపిస్తా" అంటే నవ్వుతూనే అక్కడే బెంచీ మీద కూర్చోండి.

ఇంటికొచ్చిన వారంలోపే జాయినింగ్ రిపోర్టు రాసి ఇవ్వండి, నోటిమాటతో కాదు. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు పెట్టుకోండి. మీరు పోయినప్పుడు ఉన్నవాళ్లకు మధ్యలో ఇంక్రిమెంట్లు వచ్చి ఉంటే అవి మీకూ రావాలని అదే రిపోర్టులో అడగండి. మొండికేస్తే యూనిట్‌కు రాయండి, కమాండింగ్ ఆఫీసర్ నుంచి ఒక లెటర్ వస్తే చాలాచోట్ల పని జరుగుతుంది. చాలాచోట్ల అన్నాను, అన్నిచోట్లా కాదు.

పెన్షన్, కోటా: ఇక్కడ ఎక్కువమంది మోసపోతారు

మోసపోయేది ఎవరి చేతిలోనో కాదు, సొంత ఆశ చేతిలో. టీఏలో పెన్షన్ రావాలంటే ఎంబాడీ సర్వీసు జవాన్‌కు కనీసం 15 ఏళ్లు, ఆఫీసర్‌కు 20 ఏళ్లు ఉండాలి. టీఏలో పేరు ఉన్న ఏళ్లు కాదు, ఎంబాడీ అయి నిజంగా చేసిన ఏళ్లు. ఏటా రెండు నెలల చొప్పున ఇరవై ఏళ్లు లెక్కేసుకున్నా 40 నెలలే, అంటే మూడేళ్ల నాలుగు నెలలు. ఎంతకాలం ఎంబాడీ చేస్తారన్నది మీ చేతిలో లేదు, అవసరాన్ని బట్టి వాళ్లు నిర్ణయిస్తారు, పూర్తికాలం పని ఇస్తామని టీఏ ఎక్కడా హామీ ఇవ్వదు.

మాజీ సైనికుల కోటా కూడా అంతే. టీఏలో చేసినవాళ్లందరూ మాజీ సైనికులు కారు. నిరంతర ఎంబాడీ సర్వీసుకు పెన్షన్ పొందేవాళ్లు, సైనిక సేవ వల్ల వైకల్యం వచ్చినవాళ్లు, శౌర్య పతకాలు పొందినవాళ్లు మాత్రమే ఆ లెక్కలోకి వస్తారు. గ్రూప్ పరీక్షల అప్లికేషన్లో ఆ గడిలో టిక్కు పెట్టి, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో దొరికిపోకండి. అనుమానం ఉంటే ముందే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి మీ ఎంబాడీ సర్టిఫికెట్లు తీసుకెళ్లి అడగండి.

జేఎన్‌ఎస్ పిల్లగాడి ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే. టీఏ నుంచి రెగ్యులర్ ఆర్మీకి ఆటోమేటిక్‌గా మారడం లేదు. అగ్నివీర్‌కో, ఆఫీసర్ల సీడీఎస్ పరీక్షకో వయసు ఉంటే అందరిలాగే కొత్తగా రాయాలి. వాడికి పంతొమ్మిదేళ్లు. ముందు అగ్నివీర్ ప్రయత్నించమని చెప్పా, టీఏకు 42 వరకు టైం ఉంది. అగ్నివీర్ అంటే నాలుగేళ్లు, ఆ తర్వాత రెగ్యులర్‌లోకి తీసుకునేది 25 శాతం వరకే అన్నది కూడా చెప్పా, వాడి ముఖం కొంచెం చిన్నబోయింది గానీ తెలిసి పోవడం మంచిది.

ఇక రెగ్యులర్‌లో పెన్షన్ తెచ్చుకుని ఇంట్లో కాలు నిలవనివాళ్లకు డీఎస్‌సీ ఉంది, రక్షణ సంస్థల కాపలాకు మాజీ సైనికులనే మళ్లీ తీసుకునే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్. దాని సెంటర్ కేరళలోని కన్నూరులో. టీఏలో పర్యావరణ బెటాలియన్లు కూడా ఉన్నాయి, చెట్లు నాటి కాపాడే పని, వాటిలో మాజీ సైనికులను తీసుకుంటారు. అయితే అవి మన ఊరి దగ్గర లేవు, మళ్లీ ట్రంకు ఎత్తాల్సిందే.

ఇంట్లోకి తిరిగి అడుగుపెట్టడం

దీనికి ఫారం లేదు. మొదటి పదిహేను రోజులు పొద్దున నాలుగింటికే మెలకువ వస్తుంది, రాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చుంటారు, మెల్లగా సర్దుకుంటుంది. నెల దాటినా నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు, కల్లు సీసాతో సరిపెట్టుకోవద్దు.

మీరు లేనప్పుడు ఇల్లు నడిచింది, ఆ సంగతి ఒప్పుకోవాలి. నేను మొదటిసారి వచ్చిన మర్నాడే బాయి దగ్గర స్టార్టరు డబ్బా తెరిచి "ఇది ఇట్ల పెట్టిందెవడు?" అని అరిచా, ఎలక్ట్రీషియన్ బుద్ధి. మా ఆవిడ గట్టు మీద పత్తి సంచి దించి, "ఈ ఏడాదిలో రెండుసార్లు మోటరు కాలితే పరకాల తీస్కపోయి నేనే వైండింగ్ చేయించిన. ఎనుమాముల మార్కెట్ల పత్తి నేనే అమ్మిన. గిప్పుడు డబ్బా దగ్గర నిలబడి నాకు జెప్తున్నవా?" అంది. ఆ స్టార్టరు ఇప్పటికీ ఆమె పెట్టించినట్టే ఉంది, బాగానే పనిచేస్తోంది. ఇంటి లెక్కల నోటుబుక్కు కూడా నేను తిరిగి తీసుకోలేదు, రెండోసారి, మూడోసారి బయల్దేరినప్పుడు అప్పగించే పనే లేకుండా పోయింది.

మిగిలింది కాగితాలు ఎక్కడ పెట్టాలన్నది. ఒరిజినల్స్ లామినేషన్ చేయించకండి, తర్వాత వాటి మీద స్టాంపు వేయడానికి, రాయడానికి వీలుండదు. ప్లాస్టిక్ కవర్లో వేసి, ఒక్కో ఎంబాడీకి ఒక్కో ఫైలు, పైన రెండు తారీఖులు స్కెచ్‌పెన్‌తో పెద్దగా. నా మూడు ఫైళ్లూ బీరువా పై అరలో పట్టాదారు పాసుబుక్కు కింద ఉన్నాయి, ఎక్కడున్నాయో మా ఆవిడకు తెలుసు.